వాన, నది, ఆవిరి: మోడల్ తప్పు చెబుతుంటే ఎక్కడ వెతకాలి

రాత్రి పదింటికి మా అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. "బాబాయ్, మే నెలలో నాగావళి మొత్తం ఎండిపోతోంది!" ఒడిశాలోని రాయగడలో మా ఇంటి నుంచి నది పావుగంట నడక. సాయంత్రమే చూసొచ్చాను, సన్నగానైనా పారుతూనే ఉంది. వాడి గోల లాప్‌టాప్‌లోని నది గురించి అని అర్థమవడానికి కాసేపు పట్టింది.

వాడి ప్రాజెక్టులో మూడు మోడళ్లు గొలుసుకట్టుగా ఉన్నాయి. వాతావరణం మోడల్ ఇచ్చిన వానను నది మోడల్ తీసుకుంటుంది. నదిలో ఎన్ని నీళ్లున్నాయి, గాలిలో ఎంత తేమ ఉంది అన్నది చూసుకుని ఫ్యాక్టరీ మోడల్ చిమ్నీలో పోయే వేడిని ఎంత వెనక్కి రాబట్టుకోవచ్చో లెక్క కడుతుంది. ఇలాంటి ప్రాజెక్టుకి మా జిల్లా కంటే మంచి చోటు దొరకదు. జేకేపూర్‌లో పేపర్ మిల్లు, తేరువలిలో ఫెర్రో అల్లాయ్ ఫర్నేసులు, కాశీపూర్ వైపు అల్యూమినా రిఫైనరీ. మా ముందునుంచి పోయిన నీళ్లే కిందికి దిగి తోటపల్లి బ్యారేజీకి, చివరికి శ్రీకాకుళానికి చేరతాయి.

ఈ మూడు మోడళ్లనీ విడివిడిగా ప్రపంచంలో ఎంతోమంది వాడి చూశారు. అందుకే లోపల ఫిజిక్స్ తప్పేమో అని వెతకడం దాదాపు ఎప్పుడూ దండగే. తప్పు ఉండేది మనం వాటిని కలిపి కుట్టిన చోట: తేదీ దగ్గర, కొలత దగ్గర, రాష్ట్రం హద్దు దగ్గర. అవి చూడకుండా కాలిబ్రేషన్ (కొలిచిన అంకెలకి సరిపోయేలా మోడల్ లోపలి విలువల్ని దిద్దడం) మొదలుపెడితే తప్పు పోదు, కంటికి కనపడకుండా దాక్కుంటుంది. నేను ఆ పని చేసి మూడు నెలలు పోగొట్టుకున్నాను కాబట్టి చెబుతున్నా.

వరద ప్రతిసారీ ఒకరోజు ఆలస్యం

లక్షణం: నది నీళ్లని కొలిచే గేజి దగ్గర వరద పతాకస్థాయికి చేరిన మర్నాడు మోడల్‌లో చేరుతోంది. ఏ తుఫాను తీసుకున్నా అదే తేడా. ఆ "అదే తేడా" అన్నదే ఆనవాలు. నేల, వాలు, అడవి వల్ల వచ్చే తప్పైతే చిన్న వానకి ఒకలా, పెద్ద వానకి ఇంకోలా ఉంటుంది.

కారణం: ఐఎండీ (భారత వాతావరణ శాఖ) వారి రోజు అర్ధరాత్రి మొదలవదు. ఉదయం 8:30కి రెయిన్‌గేజి చూసి, అంతకుముందు 24 గంటల్లో పడిన వానను ఆ ఉదయం తేదీ మీద రాస్తారు. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఆ ఉదయం ఎనిమిదిన్నర దాటాక మా పక్క నది వంశధార ఎగువ కొండల్లో పడిన వాన ఐఎండీ ఫైల్లో 12వ తేదీ కింద ఉంటుంది. మోడల్‌కి ఆ సంగతి ఎవరు చెబుతారు? అది 12న పడిందనుకుని అప్పటినుంచి నీళ్లను నడిపిస్తుంది. ఈఆర్ఏ5 డేటా (యూరప్ వాతావరణ కేంద్రం కొలతల్నీ మోడల్‌నీ కలిపి ఇచ్చేది) మాత్రం గ్రీన్విచ్ గడియారం మీద నడుస్తుంది. దాని రోజు మనకు ఉదయం 5:30కి మొదలై మర్నాడు 5:30కి ముగుస్తుంది. రెండు ఫైళ్లలోనూ తేదీ ఒకటే ఉన్నా అవి వేర్వేరు రోజులు.

సవరణ: గంటల డేటా ఉంటే గ్రీన్విచ్ 3 గంటల నుంచి మర్నాటి 3 గంటల దాకా కూడి, ముగింపు తేదీ వేయండి. అది ఐఎండీ రోజుతో సరిపోతుంది. రోజువారీ ఐఎండీ ఫైలు మాత్రమే ఉంటే, నది మోడల్‌కి ఇచ్చేముందు తేదీని ఒకరోజు వెనక్కి జరపండి. అంతటితో ఆగకండి. నది గేజి రీడింగు ఎన్నింటికి తీశారో కూడా కనుక్కోండి. ఉదయం ఒక్కసారి తీసిన రీడింగును రోజు మొత్తానికి సగటు అనుకుంటే మళ్లీ అదే గొడవ. సందేహం తీరకపోతే వాన వరసను ఒకరోజు ముందుకి, ఒకరోజు వెనక్కి జరిపి, నది వరసతో ఏది బాగా కలుస్తుందో చూడండి. పది నిమిషాల పని.

నేను మొదటిసారి ఏం చేశానో తెలుసా? మ్యానింగ్ గరుకుదనం (నది అడుగు నీళ్లని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) తగ్గించుకుంటూ పోయాను, నీళ్లు వేగంగా దిగుతాయని. తేదీ కలిసింది, మోడల్ గేజితో ఎంత కలిసిందో చెప్పే స్కోరు పెరిగింది, సంబరపడ్డాను. తర్వాతెప్పుడో చూస్తే బండరాళ్లతో నిండిన మా కొండవాగు సిమెంటు కాలువకంటే నున్నగా ఉంది మోడల్‌లో.

వాన పన్నెండు రెట్లు, వరద ముప్ఫై అయిదో వంతు

అంకెలు ఇంత ఘోరంగా తప్పితే సంతోషించండి. చిన్న తప్పుకంటే పెద్ద తప్పును పట్టుకోవడం తేలిక.

వాన విపరీతంగా ఎక్కువైతే ఈఆర్ఏ5-ల్యాండ్ (ఈఆర్ఏ5లోనే నేలకోసం చేసిన సన్నగళ్ల రకం) వాడారేమో చూడండి. అందులో గంటగంటకీ ఇచ్చే వాన ఆ గంటది కాదు, గ్రీన్విచ్ అర్ధరాత్రి నుంచి అప్పటిదాకా పోగైన మొత్తం. గంటకు ఒక మిల్లీమీటరు చొప్పున రోజంతా పడితే అసలు వాన 24 మి.మీ. ఆ 24 అంకెల్నీ కూడితే 300 వస్తుంది. కూడొద్దు. మర్నాడు సున్నా గంటల దగ్గరున్న అంకే ముందురోజు మొత్తం. మామూలు ఈఆర్ఏ5లో ఈ చిక్కు లేదు, అక్కడ ఏ గంటది ఆ గంటకే. రెండింటిలోనూ వాన మీటర్లలో ఉంటుంది, వెయ్యితో హెచ్చించాలి. భవిష్యత్తు వాతావరణం మోడళ్లలో సెకనుకి చదరపు మీటరుకి ఇన్ని కిలోలు అని ఉంటుంది, దాన్ని 86,400తో హెచ్చిస్తే రోజుకి మి.మీ.

నది వైపు తప్పు మన తెలుగువాళ్లకి అలవాటు వల్ల వస్తుంది. బ్యారేజీ దగ్గర అందరూ మాట్లాడేది క్యూసెక్కుల్లో (సెకనుకి ఘనపుటడుగులు), మోడల్ అడిగేది క్యూమెక్కుల్లో (సెకనుకి ఘనమీటర్లు). ఒక క్యూమెక్కుకి 35.3 క్యూసెక్కులు. నిల్వలైతే టీఎంసీల్లో (ఒక్కోటి వంద కోట్ల ఘనపుటడుగులు), అంటే 11,574 క్యూసెక్కులు ఒకరోజంతా పారితే ఒక టీఎంసీ. సరిచూడ్డానికి ఒక చిట్కా: క్యూమెక్కుల్ని 86.4తో హెచ్చించి, పరీవాహక ప్రాంతం చదరపు కిలోమీటర్లతో భాగిస్తే, ఆ రోజు నదిలో పోయింది ఎన్ని మి.మీ. వానకి సమానమో వస్తుంది. వంశధార మొత్తం 10,830 చ.కి.మీ. నది ముఖం దగ్గర వెయ్యి క్యూమెక్కులు ఒకరోజు పారితే సుమారు 8 మి.మీ. వానాకాలం మొత్తం ఇలా కూడినప్పుడు పడినదానికంటే పోయింది ఎక్కువైతే ఎక్కడో కొలత తప్పింది.

కొండలమీద వాన కనిపించడం లేదు

ఇందులో మూడు వేర్వేరు జబ్బులు ఒకే లక్షణంతో వస్తాయి.

మొదటిది హద్దు. వంశధార పరీవాహకంలో నాలుగింట మూడు వంతులు ఒడిశాలోనే ఉంది. ఆంధ్ర మ్యాపుతో గీసిన హద్దును యథాతథంగా వాడితే, నదికి నీళ్లిచ్చే కొండలన్నీ కత్తెరకి పోతాయి. వాన గీత దగ్గర ఆగదు కదా! ఎత్తుల డేటానుంచి పరీవాహకాన్ని మీరే గీసుకోండి, రాష్ట్రం హద్దు మ్యాపుని పక్కన పడేయండి.

రెండోది గేజి చోటు. పాత పట్టికల్లో రాయగడ 19 డిగ్రీల 10 నిమిషాలు, 83 డిగ్రీల 25 నిమిషాలు అని ఉంటుంది. దాన్ని 19.10, 83.25 అని టైపు చేస్తే ఊరు దాదాపు పందొమ్మిది కిలోమీటర్లు నైరుతికి జరుగుతుంది. అసలు అంకెలు 19.17, 83.42. ప్రతి గేజినీ మ్యాపుమీద పెట్టి కళ్లతో చూడటం తప్ప దీనికి మందు లేదు.

మూడోది గడి సైజు. ఐఎండీ రోజువారీ వాన మ్యాపులో ఒక్కో గడి అక్షాంశ రేఖాంశాల్లో పావు డిగ్రీ, మా దగ్గర సుమారు 700 చదరపు కిలోమీటర్లు. లోయలో ఎండ, పక్క కొండమీద కుండపోత ఉన్నా గడికి ఒకటే అంకె. పైగా కొండల్లో గేజిలు తక్కువ కాబట్టి ఆ అంకె లోయలో ఉన్నవాటి వైపే మొగ్గుతుంది. 2017 జులై 16న వచ్చిన మెరుపు వరదకి తేరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య నాగావళి మీది రైలు వంతెన కొట్టుకుపోయింది. గంటల్లో వచ్చి గంటల్లో పోయే అలాంటి వరదని పావు డిగ్రీ, రోజువారీ లెక్కతో పట్టుకోవాలనుకోవడం జల్లెడతో నీళ్లు తోడటమే. దానికి డబ్ల్యూఆర్ఎఫ్ లాంటి వాతావరణం మోడల్‌ని 9 కిలోమీటర్ల గళ్లతో, దాని లోపల 3 కిలోమీటర్ల గళ్లతో నడపాలి. 3 కిలోమీటర్ల పెట్టెలో క్యుములస్ స్కీము (మబ్బుల్ని ఉజ్జాయింపుగా కట్టే భాగం) ఆపేయండి, ఆ సైజులో మబ్బుల్ని మోడలే నేరుగా లెక్క కట్టగలదు. మొదటి పన్నెండు గంటల ఫలితం పారేయండి, అది మోడల్ ఇంకా కుదురుకుంటున్న సమయం.

ఉష్ణోగ్రతకీ ఇదే వర్తిస్తుంది. గడి సగటు ఎత్తు 600 మీటర్లుండి ఊరు 200 మీటర్ల దగ్గరుంటే, కిలోమీటరుకి 6.5 డిగ్రీల చొప్పున మోడల్ మనకి 2.6 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. రాయగడ ఎండలు తెలిసినవాడెవడూ ఆ అంకెని నమ్మడు.

మే నెలలో నది ఎండిపోతోంది

ఇదీ మావాడి గొడవ. "భూగర్భజలం పారామీటర్లు అన్నీ మార్చేశాను బాబాయ్, అయినా ఎండిపోతోంది" అన్నాడు. టెన్షన్ పడుతున్నాడు పాపం, వారంలో రిపోర్టు ఇవ్వాలి.

"ఏ ప్రవాహంతో కాలిబ్రేట్ చేశావ్?" అని అడిగాను.

"గేజిలో కొలిచిందే."

"ఫ్యాక్టరీలు, లిఫ్టు పంపులు తోడుకునేది తర్వాత తీసేశావా?"

"ఆ, తీసేశాను."

అదీ సంగతి. గేజిలో కొలిచిన నీళ్లలో ఆ తోడకం ఎప్పుడో పోయింది. తోడగా మిగిలిందే గేజి చూసింది. దానికి సరిపోయేలా మోడల్‌ని దిద్ది, మళ్లీ అందులోంచి తోడితే ఒకే నీళ్లని రెండుసార్లు తోడినట్టు. వానాకాలంలో నది నిండుగా ఉంటుంది కాబట్టి తెలియదు, మేలో బయటపడుతుంది.

సవరణ: కొలిచిన ప్రవాహానికి, గేజికి ఎగువన తోడుకున్నదంతా కలపండి, తిరిగి నదిలోకి వదిలింది తీసేయండి. ఆ సహజ ప్రవాహంతో కాలిబ్రేట్ చేసి, ఆ తర్వాతే ఫ్యాక్టరీల్ని మోడల్‌లో పెట్టండి. తోడిందీ ఖర్చయిందీ ఒకటి కావు. పేపర్ మిల్లు తోడిన నీళ్లలో చాలా భాగం శుద్ధి అయ్యాక వెనక్కి వస్తుంది. కూలింగ్ టవర్లో ఆవిరైంది మాత్రం వెనక్కి రాదు.

కాగితం మీద ఉన్న వేడి ప్లాంటులో దొరకడం లేదు

ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే డబ్బులు పెట్టేది ఇక్కడే. ఒక ఊహ లెక్క. చిమ్నీలో సెకనుకి 20 కిలోల పొగ 180 డిగ్రీల దగ్గర పోతోంది. దాన్ని బయటి గాలి 35 డిగ్రీల దాకా చల్లారిస్తే మూడు వేల కిలోవాట్ల వేడి వస్తుంది. మోడల్ రాసేది అదే. కానీ బొగ్గు పొగని 120-140 డిగ్రీలకి కిందికి దించితే అందులోని సల్ఫర్ ఆసిడ్‌గా మారి గొట్టాల్ని తినేస్తుంది, సరిగ్గా ఎన్ని డిగ్రీల దగ్గరన్నది బొగ్గుని బట్టి. 140 దగ్గర ఆపితే మిగిలేది 840 కిలోవాట్లే. మూడింట ఒక వంతు కూడా లేదు. సవరణ ఒక్క లైను: చల్లార్చే అంచుని గాలి ఉష్ణోగ్రతకి కాకుండా ఆసిడ్ మంచుబిందువుకి (పొగలో ఆసిడ్ చుక్కలు కట్టడం మొదలయ్యే ఉష్ణోగ్రతకి) కట్టండి, పైన కొంత మార్జిన్ ఉంచండి.

ఆ 840తో కరెంటు తీద్దామనుకుంటే ఇంత తక్కువ వేడిలో పదో వంతు కరెంటైతే గొప్పే. మిగతా 750 కిలోవాట్లు కూలింగ్ టవర్ నెత్తిన పడతాయి. అదంతా నీటి ఆవిరిగానే పోయిందనుకుంటే రోజుకి ఇరవై ఏడు వేల లీటర్లు. శక్తి మోడల్‌లో "రికవరీ" అని రాసుకున్నది నది మోడల్‌లో కొత్త తోడకం అన్నమాట, దాన్ని అక్కడికి పంపకపోతే గొలుసు తెగినట్టే. అదే వేడితో బాయిలర్ ఫీడ్ వాటర్ (బాయిలర్‌లోకి పంపే నీళ్లు) వేడిచేస్తే ఈ నీళ్ల ఖర్చు లేదు. నన్నడిగితే మా ప్రాంతంలో ముందు ఫీడ్ వాటర్, తర్వాత ఆరబెట్టడం, చివరికి కరెంటు. పేపర్ మిల్లు అయితే బ్లాక్ లిక్కర్‌ని (గుజ్జు ఉడికించాక మిగిలే నల్లటి ద్రవాన్ని) చిక్కబరిచే ఎవాపరేటర్లని కూడా చూడాలి, ఆవిరి ఆదా అక్కడ ఎక్కువ.

ఇంకో లక్షణం: కూలింగ్ టవర్ కష్టాలు మేలో రావాలి కదా, మోడల్ జులై అంటోందేంటి? ఇది తప్పు కాదు, మోడల్‌ని నమ్మండి. టవర్ చూసేది వెట్ బల్బ్ ఉష్ణోగ్రతని, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేదాన్ని. మేలో 42 డిగ్రీలు, తేమ 25 శాతం ఉంటే వెట్ బల్బ్ 26 దగ్గర. జులైలో 32 డిగ్రీలే, తేమ 80 శాతం అయితే 29. మనకి చెమట ఆరనప్పుడు టవర్‌కీ ఆరదు.

భవిష్యత్తు లెక్కలు వింతగా ఉంటే

ముందు క్యాలెండర్ చూడండి. కొన్ని మోడళ్లలో లీపు సంవత్సరం లేదు, కొన్నింట్లో ఏడాదికి 360 రోజులే, ఫిబ్రవరి 30 కూడా ఉంటుంది. తేదీలు వరసనంబర్ల ప్రకారం అంటిస్తే కొన్నేళ్లకి రుతుపవనాలు వేరే నెలకి జరుగుతాయి. ఈ మోడళ్లకి రోజూ కాస్త తుంపర కురిపించే జబ్బు కూడా ఉంది. ఐఎండీ లెక్కలో 2.5 మి.మీ. లేదా అంతకుమించి పడితేనే వానరోజు, ఆ గీతతో పొడిరోజుల సంఖ్యని ముందు సరిచేసి, తర్వాత నెలనెలకీ విడిగా దిద్దండి. ఏడాది మొత్తానికి ఒకే దిద్దుబాటు వేస్తే జూన్ వాన అక్టోబరు తుఫానులా కనిపిస్తుంది.

మావాడి మోడల్‌లో ఇప్పుడు మేలో నాగావళి పారుతోంది. నాష్-సట్‌క్లిఫ్ స్కోరు (మోడల్ గేజితో ఎంత కలిసిందో చెప్పేదే) మాత్రం మునుపటికంటే కాస్త తగ్గింది, మార్కులు పోతాయేమోనని వాడి భయం. తప్పుడు తేదీని కప్పిపుచ్చే గరుకుదనం వాడూ పెట్టుకున్నాడు మరి, అది తీసేశాం. తగ్గిన స్కోరునే రాసి, ఎందుకు తగ్గిందో కింద ఒక పేరా పెట్టమన్నాను.