సర్వసభ్య సమావేశానికి నెల ముందే కోరం లెక్క తేల్చుకోండి

మార్చి 31తో సంఘం లెక్కలు ముగుస్తాయి. పుస్తకాలు ఆడిటరు దగ్గరికి వెళ్లి వచ్చేసరికి మే దాటుతుంది. తిరుపతిలో చాలా కాలనీ సంక్షేమ సంఘాలు ఆ తర్వాతే సర్వసభ్య సమావేశం పెట్టుకుంటాయి. మామూలు ఏడాదైతే జమాఖర్చులు చదివి, టీ తాగి లేచిపోతారు. పాత కమిటీ దిగి కొత్త కమిటీ రావాల్సిన ఏడాది అలా జరగదు. సమావేశం సగంలో ఉండగా ఎవరో ఒకరు లేచి "కోరం లేదు, ఇది చెల్లదు" అంటారు. కోరం అంటే సమావేశం చెల్లాలంటే ఉండాల్సిన కనీస హాజరు. ఆ అభ్యంతరానికి జవాబు అప్పటికప్పుడు వేదిక మీద వెతికితే దొరకదు. నెల ముందు తయారు చేసిన సభ్యుల జాబితాలో ఉండాలి.

కోరం మీద వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం ఎంతమంది వచ్చారన్న దాని మీద రావు, ఎంతమందిలో లెక్కపెట్టాలన్న దాని మీద వస్తాయి. ఒక సంఘంలో 118 మంది సభ్యులున్నారనుకుందాం. బైలాలో, అంటే సంఘం నియమావళిలో, "సభ్యుల్లో మూడో వంతు" అని ఉంది. 118లో మూడో వంతు 39.33. భిన్నం వస్తే పై అంకెకే వెళ్లాలి కాబట్టి 40 మంది కావాలి. ఇప్పుడు 37 మంది చందా బకాయి ఉన్నారు, బకాయి ఉన్నవారికి ఓటు లేదని బైలాలోనే ఇంకో చోట ఉంది. వాళ్లను తీసేస్తే మిగిలేది 81 మంది, మూడో వంతు 27. సమావేశానికి 32 మంది వచ్చారు. కమిటీ లెక్కలో కోరం ఉంది, ఎదుటి వర్గం లెక్కలో లేదు. ఇద్దరూ ఒకే బైలా చూపిస్తారు. బైలాలో "సభ్యులు" అని ఉందా, "ఓటు హక్కు గల సభ్యులు" అని ఉందా అన్న ఒక్క మాట మీదే అంతా తేలుతుంది. ఆ మాట స్పష్టంగా లేకపోతే పెద్ద అంకెనే పట్టుకోండి. బకాయి లేని 40 మందిని కూర్చోబెడితే ఏ లెక్కన చూసినా సమావేశం నిలుస్తుంది.

బకాయిదారుకి ఓటు పోయినంత మాత్రాన సభ్యత్వం పోదు. బైలా ప్రకారం తొలగించనంతవరకూ అతను సభ్యుడే, నోటీసు అతనికీ వెళ్లాలి. "డబ్బు కట్టనివాడికి నోటీసెందుకు" అని వదిలేసిన సంఘాలు తర్వాత ఇరుక్కునేది ఇక్కడే. బకాయి కట్టడానికి ఆఖరి తేదీ నోటీసులోనే రాయండి. సమావేశం రోజు పొద్దున గుంపుగా వచ్చి డబ్బు కడతామంటే తీసుకోవాలా వద్దా అన్న వాదన అప్పుడు పుట్టదు. రసీదు మీద తేదీ తప్పక ఉండాలి.

ముందు అసలు బైలా మీ దగ్గరుందో లేదో చూసుకోండి. కార్యదర్శి ఫైల్లో ఉండేది చాలాసార్లు జిరాక్సుకు జిరాక్సు, మధ్యలో పేజీ ఉండదు. సంఘం నమోదైన రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ధ్రువీకరించిన నకలు తీసుకోండి. ఎప్పుడో సమావేశంలో తీర్మానించి రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించని సవరణను నమ్మి కోరం లెక్కించొద్దు. పాత సంఘాలకు ఇంకో చిక్కుంది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001లో వచ్చింది. అంతకుముందు రాయలసీమలో సంఘాలు నమోదైంది 1860 నాటి చట్టం కింద. అందులో సంఘం ఉద్దేశాలు మార్చాలంటే 10 రోజుల ముందు నోటీసు, ప్రత్యేక సమావేశంలో అయిదింట మూడు వంతుల ఆమోదం, నెల విరామం తర్వాత రెండో సమావేశంలో మళ్లీ అదే మెజారిటీ కావాలి. ఆ వాక్యాలనే యథాతథంగా ఎక్కించుకున్న బైలాలు ఉండొచ్చు. మీది ఎప్పటిదో చూసి, ఇప్పటి చట్టంతో పక్కపక్కన పెట్టి చదవండి. అలాగే తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు కాగితాల్లో చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. లెటర్‌హెడ్డు మీద ఒకటి, రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంకొకటి ఉంటే బ్యాంకులో అడుగుతారు, జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

నోటీసు రోజులు లెక్కపెట్టడంలో తప్పు చాలా తేలిగ్గా జరుగుతుంది. "14 పూర్తి రోజులు" అని ఉంటే నోటీసు అందిన రోజూ, సమావేశం రోజూ లెక్కలోకి రావు. జూన్ 14న సమావేశమైతే మే 30లోపు అందరికీ అందాలి, మే 31న అందితే ఒక రోజు తక్కువ. చేతికిచ్చినవారి సంతకం రిజిస్టరులో తీసుకోండి. చెన్నైలోనో బెంగళూరులోనో ఉండి ఇక్కడ ఇల్లు అద్దెకిచ్చినవారికి తపాలాలో పంపి రసీదులు ఫైలు చేయండి. బైలాలో "రిజిస్టర్డ్ పోస్టు" అని ఉంటే గుర్తుంచుకోండి, తపాలా శాఖ దాన్ని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేసింది. వాట్సాప్ గ్రూపులో పెట్టడం గుర్తుచేయడానికి మంచిదే. బైలా ఒప్పుకోనిదే అది నోటీసు కాదు, అందులో పెట్టే బొటనవేలి గుర్తు హాజరూ కాదు.

తేదీ కూడా ఆలోచించి పెట్టాలి. మే నెలలో గంగమ్మ జాతర వారం, బ్రహ్మోత్సవాల రోజులు, వైకుంఠ ఏకాదశి ముందు వెనకలు వద్దు. దేవస్థానంలో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లు, దుకాణాలవాళ్లు ఆ రోజుల్లో రాలేరు. ఆదివారం ఉదయం 10కి మొదలుపెట్టి 12లోపు ఓటింగు ముగిసేలా అజెండా రాయండి. జమాఖర్చుల చర్చ ముందు పెడితే అది గంటన్నర లాగుతుంది. భోజనాల వేళకి జనం జారుకుంటారు, ఎన్నిక తీర్మానం వచ్చేసరికి కుర్చీలు ఖాళీ. మొదట్లో కోరం ఉంటే చాలా, చివరిదాకా ఉండాలా అన్నది బైలాలో లేకపోతే, ప్రతి తీర్మానానికీ ముందు తలలు లెక్కపెట్టి ఆ అంకె సమావేశ నమోదు పుస్తకమైన మినిట్స్‌లో రాయండి. ఇంతకంటే మంచి రక్షణ లేదు.

హాజరు పుస్తకం పేజీలకు అంకెలు వేసి ఉండాలి, విడి కాగితాలు పనికిరావు. పేరు, ఇంటి నంబరు, సంతకం, వచ్చిన సమయం రాయించండి. చివరి సంతకం కింద అడ్డగీత గీసి "మొత్తం నలభై మూడు మంది" అని అక్షరాల్లో రాసి అధ్యక్షుడు సంతకం చేయాలి. ఆ గీత లేకపోతే తర్వాత పేర్లు చేర్చారన్న అనుమానం పోదు. తలుపు దగ్గర ఇద్దరిని కూర్చోబెట్టండి, ఒకరు కమిటీ వైపు, ఒకరు ఎదుటి వైపు.

ఒకే ఇంటికి భార్యాభర్తలిద్దరూ యజమానులైతే కోరంలో ఒకటా రెండా? సభ్యత్వం ఇంటికా మనిషికా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అద్దెకుండేవారు సాధారణంగా సభ్యులు కారు. యజమాని తరఫున వచ్చేవారికి ప్రాక్సీ కాగితం ఉన్నా, బైలాలో ప్రాక్సీకి చోటుంటేనే ఓటు. ఆ ప్రాక్సీని కోరంలో లెక్కించవచ్చో లేదో విడిగా చూడాలి, ఓటుంది కదా అని తలల్లో కలపొద్దు. ఓట్లు సమానమైతే అధ్యక్షుడి రెండో ఓటు కూడా అంతే, బైలా ఇస్తేనే.

కోరం లేక వాయిదా పడితే ఎంతసేపు ఆగాలి, మళ్లీ ఎప్పుడు, అప్పుడు కోరం అక్కర్లేదా అన్న మూడూ బైలాలో వెతకండి. అరగంట ఆగి అదే హాల్లో అదే రోజు మళ్లీ పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. బైలాలో ఆ మాట లేకపోతే అది వాయిదా సమావేశం కాదు. ఉన్నా సరే, పాత అజెండాలోని అంశాలే తీసుకోవాలి. బైలా సవరణ లాంటివాటిని అలాంటి పలచని సమావేశంలో పెట్టకండి.

కమిటీ గడువు తీరకముందే సమావేశం పిలవాలి. తీరాక పిలిస్తే, పిలిచే అధికారం మీకెక్కడిదన్నది మొదటి అభ్యంతరం అవుతుంది. ఎన్నిక అయ్యాక కొత్త కమిటీ జాబితాను ఆ వారంలోనే రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయండి. రెండు వర్గాలు రెండు జాబితాలు ఇస్తే బ్యాంకు ఖాతా ఆపేయవచ్చు. అప్పుడు వాచ్‌మన్ జీతం, బోరు మోటారు కరెంటు బిల్లు ఎవరు కట్టాలి? రెండు నెలల ఖర్చుకు ముందుగానే చెల్లింపులు పూర్తి చేసి ఉంచడం మంచిది. అప్పటికీ తగాదా తెగకపోతే 2001 చట్టం 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికైనా, జిల్లా కోర్టుకైనా వెళ్లవచ్చు. అక్కడ అడిగేవి నోటీసు రసీదులు, సభ్యుల జాబితా, హాజరు పుస్తకం, మినిట్స్. నాలుగూ కార్యదర్శి ఇంట్లో కాక సంఘం బీరువాలో, నకళ్లు ఇంకొకరి దగ్గర ఉంచండి.