ల్యాప్‌టాప్ కొనేముందు ర్యామ్ స్లాట్ చూడండి

ఒకే మోడల్‌లో ర్యామ్ (పని చేసేటప్పుడు కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక మెమరీ) 8 జీబీ ఉన్నది ఒక రేటు, 16 జీబీ ఉన్నది ఇంకో రేటు. పిల్లల కాలేజీకి కొనేటప్పుడు చాలామంది తర్జనభర్జన పడేది ఇక్కడే.

షాపులో పెట్టిన విండోస్ డెమో పీస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ నొక్కితే కింద ‘స్లాట్స్ యూజ్డ్’ అని, ర్యామ్ పెట్టే గాడులు ఎన్ని వాడారో కనిపిస్తుంది. 1 ఆఫ్ 2 అంటే ఒకటి ఖాళీ అన్నమాట. కంపెనీ సైట్‌లో ఆ మోడల్ వివరాల్లోనూ ఒకసారి సరిచూసుకోండి. స్లాట్ ఖాళీగా ఉంటే 8 జీబీదే తీసుకుని, ఇంకో 8 జీబీ ర్యామ్ స్టిక్ విడిగా వేయించుకోవచ్చు. ముందు స్టిక్ ధర కనుక్కోండి, ర్యామ్ రేట్లు ఊరికే మారిపోతుంటాయి. రెండు ల్యాప్‌టాప్‌ల రేట్ల తేడా కన్నా తక్కువైతేనే లాభం. డీడీఆర్4, డీడీఆర్5 అని ర్యామ్‌లో రకాలుంటాయి; డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు, మీ ల్యాప్‌టాప్‌ది ఏ రకమో మాత్రం అడిగి తీసుకోండి. విప్పితే వారంటీ ఏమవుతుందో కూడా అడగండి.

సన్నటి మోడళ్లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో ఆ మెమరీ పేజీలోనే ‘ఫార్మ్ ఫ్యాక్టర్’ దగ్గర ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే సాధారణంగా అదే రకం. ఇప్పటి మ్యాక్‌బుక్‌లూ అంతే. వాటిలో తర్వాత పెంచుకునే వీలుండదు కాబట్టి మొదటే 16 జీబీది కొనడం మంచిది.