రూట్ చేశాక వైఫై పోయిందా? చిప్ (ఐసీ) విప్పించే ముందు బిల్డ్ నంబర్ చూడండి

బూట్‌లోడర్ ఎలా అన్‌లాక్ చేయాలి, యూఎస్‌బీ డీబగింగ్ ఎక్కడుంటుంది లాంటివి ఇక్కడ లేవు. అవన్నీ దాటి, రికవరీ (ఫోన్ సిస్టమ్ బయట తెరుచుకునే మరమ్మతు మెనూ) ఎక్కించి, మ్యాజిస్క్ వేసి ఫోన్ రూట్ చేసి (దాని మీద పూర్తి అధికారం తెచ్చుకుని), ఆ తర్వాత ఎక్కడో ఇరుక్కున్నవాళ్ల కోసం ఇది. కమాండ్లు పలికినట్టు తెలుగులో రాశాను, కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే కొట్టండి.

ఏ సమస్యకైనా ముందు మూడు ముక్కలు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒకటి, ఫోన్ కోడ్‌నేమ్ (మోడల్‌కి కంపెనీ పెట్టిన లోపలి పేరు). రెండు, ఇప్పుడు ఫోన్‌లో నడుస్తున్న బిల్డ్ నంబర్, చివరి అక్షరం దాకా. మూడు, ఏ స్లాట్‌లో ఉన్నారు (చాలా ఫోన్లలో సిస్టమ్‌కి ఏ, బీ అని రెండు కాపీలుంటాయి, అవే స్లాట్లు). సాయం అడిగేవాళ్లు స్క్రీన్‌షాట్లు బోలెడు పంపుతారు గానీ ఈ మూడూ మాత్రం ఎవరూ చెప్పరు. తొంభై ప్రశ్నలు అడిగాక అప్పుడు చూస్తారు.

కంప్యూటర్‌కి ఫోన్ కనపడటం లేదు

ఫాస్ట్‌బూట్ అంటే సిస్టమ్ లేవకముందే కంప్యూటర్ నుంచి ఫోన్‌లో ఫైళ్లు రాసే మోడ్. అందులో "ఫాస్ట్‌బూట్ డివైజెస్" కొడితే ఖాళీగా వస్తుంది, లేదా "వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్" అని అక్కడే నిలబడుతుంది. ముందు కేబుల్ మార్చండి, డ్రైవర్ సంగతి తర్వాత. గల్లీ చివర షాపులో చవగ్గా వచ్చే కేబుళ్లలో కొన్నింటికి డేటా తీగలే ఉండవు, ఛార్జింగ్ మాత్రం చక్కగా ఎక్కుతుంది. అందుకే అనుమానం రాదు. ఫోన్ మామూలుగా ఆన్‌లో ఉన్నప్పుడు ఆ కేబుల్‌తో ఫైల్ ట్రాన్స్‌ఫర్ అవుతుందో లేదో చూడండి. కాకపోతే దాన్ని పక్కన పడేయండి.

కేబుల్ బాగుంటే పోర్ట్ మార్చండి. రైజెన్ కంప్యూటర్లలో యూఎస్‌బీ 3 పోర్ట్ మీద ఫాస్ట్‌బూట్ మధ్యలో తెగిపోవడం తెలిసిన కిరికిరే, నడుమ ఒక పాత యూఎస్‌బీ 2 హబ్ పెడితే సర్దుకుంటుంది. ఏడీబీలో (ఆన్‌లో ఉన్న ఫోన్‌కి కంప్యూటర్ నుంచి కమాండ్లు పంపే దారి) కనిపించి ఫాస్ట్‌బూట్‌లో కనిపించకపోతే అది డ్రైవరే. విండోస్‌కి ఆ రెండూ వేర్వేరు పరికరాలు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ఉన్నదానికి "ఆండ్రాయిడ్ బూట్‌లోడర్ ఇంటర్‌ఫేస్" చేత్తో ఎంచుకోండి.

శాంసంగ్‌లో ఫాస్ట్‌బూట్ ఉండదు, డౌన్‌లోడ్ మోడ్, దానికోసం కంప్యూటర్‌లో నడిచే ఓడిన్ ప్రోగ్రామ్ ఉంటాయి. లేనిదాని కోసం వెతకొద్దు.

రికవరీ ఎక్కింది అంది, తెరిస్తే కంపెనీదే వచ్చింది

ఫ్లాష్ కొట్టాక (ఫైల్‌ని ఫోన్‌లో రాశాక) ఫోన్‌ని ఒక్కసారి సిస్టమ్‌లోకి వదిలారు, అంతే. చాలా స్టాక్ రోమ్‌లు (కంపెనీ ఇచ్చిన సిస్టమ్‌లు) బూట్ అవుతూనే తమ రికవరీని తిరిగి రాసుకుంటాయి. ఫ్లాష్ అవ్వగానే బటన్లు పట్టుకుని నేరుగా రికవరీలోకే వెళ్లాలి. శాంసంగ్ అయితే ఓడిన్‌లో "ఆటో రీబూట్" టిక్ ముందే తీసేయండి, లేకపోతే మీరు బటన్లు పట్టుకునేలోపే అది సిస్టమ్‌లోకి వెళ్లిపోతుంది.

రెండు స్లాట్ల ఫోన్లలో కొన్నింటికి రికవరీ పార్టిషనే (స్టోరేజ్‌లో దానికి విడి భాగం) ఉండదు, రికవరీ బూట్ ఇమేజ్ (ఫోన్‌ని లేపే ఫైల్) లోపలే ఉంటుంది. వాటిలో "ఫాస్ట్‌బూట్ బూట్" అని టీడబ్ల్యూఆర్‌పీని (కంపెనీది కాని రికవరీ) తాత్కాలికంగా లేపి, లోపలి నుంచి ఇన్‌స్టాల్ చేయాలి.

టీడబ్ల్యూఆర్‌పీలో స్టోరేజ్ 0 ఎంబీ, ఫోల్డర్ల పేర్లన్నీ పిచ్చి అక్షరాలు

ఎన్‌క్రిప్షన్, అంటే డేటాకి వేసిన తాళం. మెమరీ పోలేదు, పరేషాన్ కావద్దు. పిన్ అడిగితే స్క్రీన్ లాక్ పిన్నే ఇవ్వండి. అడగకపోతే ఆ టీడబ్ల్యూఆర్‌పీకి మీ ఆండ్రాయిడ్ వెర్షన్ తాళం తీయడం రాదని అర్థం. జిప్ ఫ్లాష్ చేయడమే మీ పని అయితే డేటా జోలికి వెళ్లకుండా ఏడీబీ సైడ్‌లోడ్‌తో (కంప్యూటర్ నుంచి నేరుగా పంపడం) గానీ ఓటీజీ పెన్‌డ్రైవ్‌తో గానీ కానిచ్చేయండి.

కొత్త రోమ్‌కి మారుతుంటే మాత్రం "ఫార్మాట్ డేటా" తప్పదు. "వైప్" జరిపి ఫార్మాట్ చేశాం అనుకునేవాళ్లు చాలామంది. ఆ రెండూ ఒకటి కాదు. వైప్‌కి వేలితో స్వైప్ చేస్తారు, ఎన్‌క్రిప్షన్ అలాగే ఉంటుంది. ఫార్మాట్‌కి "యెస్" అని టైప్ చేయాలి. ఫొటోలతో సహా అన్నీ పోతాయి, ఎన్‌క్రిప్షనూ పోతుంది.

రూట్ బాగానే ఉంది, వైఫై ఆన్ అవ్వదు

అసలు సంగతికి వచ్చాం. మ్యాజిస్క్ తెరిస్తే వెర్షన్ చూపిస్తుంది, కాల్స్ వెళ్తాయి, మొబైల్ డేటా నడుస్తుంది. వైఫై బటన్ మాత్రం నొక్కితే అటు జరిగి, రెండు సెకన్లలో మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది. అబౌట్ ఫోన్‌లో వైఫై మ్యాక్ అడ్రస్ దగ్గర "అందుబాటులో లేదు" అని ఉంటుంది. కొన్ని మోడళ్లలో దీనికి తోడు శబ్దం రాదు, మరికొన్నింటిలో టచ్ కూడా పనిచేయదు.

ఇది చూడగానే అందరూ చేసే మొదటి పని ఫ్యాక్టరీ రీసెట్. దాంతో ఏమీ మారదు. రీసెట్ తుడిచేది డేటాని, తప్పు ఉన్నది బూట్‌లో. రెండో పని, ఫోన్ జేబులో వేసుకుని హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఫోన్ రిపేర్లకి పేరున్న జగదీష్ మార్కెట్‌కి బయల్దేరడం. అక్కడ బోర్డు మీద చెయ్యి తిరిగినవాళ్లు ఉన్నారు, అందులో సందేహం లేదు. కానీ లక్షణం చెప్పగానే "అన్నా, వైఫై ఐసీ పోయినట్టుంది, రీబాల్ చేయాలి" (చిప్‌ని విప్పి మళ్లీ అతికించడం) అనే మాట ఎవరి నోటి నుంచైనా వస్తుంది, ఎందుకంటే చెడిపోయిన ఐసీ కూడా సరిగ్గా ఇలాగే కనపడుతుంది. హీట్ గన్ పెట్టాక నిజంగానే ఏదో ఒకటి పోతుంది.

కారణం ఇదీ. బూట్ ఇమేజ్‌లో కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే సిస్టమ్ గుండె) ఉంటుంది. వైఫై డ్రైవర్ చాలా ఫోన్లలో ఆ కెర్నల్ లోపల ఉండదు, వెండర్ పార్టిషన్‌లో విడి మాడ్యూల్ ఫైల్‌గా ఉంటుంది. ఫోన్ లేచేటప్పుడు కెర్నల్ ఆ ఫైల్‌ని పిలిచి, నాతోపాటు తయారైనదేనా అని చూసుకుంటుంది. కాకపోతే లోపలికి రానివ్వదు. ఫోన్ మామూలుగానే లేస్తుంది, ఆ ఒక్క డ్రైవర్ బయట ఉండిపోతుంది. బూట్‌లూప్ అయితే అనుమానం బూట్ మీదికే పోయేది. ఇక్కడ అంతా నడుస్తూ ఒక్కటే పోయింది కాబట్టి ఎవరూ అటు చూడరు.

తేడా వచ్చేది ఎక్కువగా రెండు దారుల్లో. మొదటిది ఓటీఏ (ఫోన్‌కి నేరుగా వచ్చే అప్‌డేట్). అప్‌డేట్ వచ్చింది, రూట్ పోయింది, డౌన్‌లోడ్స్‌లో పోయిన నెల ప్యాచ్ చేసిన (రూట్ కోసం మార్చిన) మ్యాజిస్క్ ఇమేజ్ అలాగే పడి ఉంది, దాన్నే మళ్లీ కొట్టారు. ఇప్పుడు వెండర్ కొత్తది, కెర్నల్ పాతది. రెండోది షావోమీ ఫోన్లలో ప్రాంతం అక్షరాలు. వెర్షన్ అంకెలు అచ్చం ఒకటే ఉంటాయి, చివర అక్షరాల్లో మన ఇండియా రోమ్‌కి "ఐఎన్‌ఎక్స్‌ఎం" ఉంటే గ్లోబల్‌కి "ఎంఐఎక్స్‌ఎం" ఉంటుంది. అంకెలు చూసి గ్లోబల్ జిప్‌లోంచి బూట్ తీస్తే పని చెడుతుంది. కెర్నల్ నంబర్ ఒకటే అయినా చాలదు. కొన్ని కంపెనీలు ప్రతి బిల్డ్‌లో మాడ్యూళ్లకి వేరే కీతో సంతకం పెడతాయి, ఆ కీ ఇంకో బిల్డ్ కెర్నల్ దగ్గర ఉండదు.

తేల్చుకోవడం ఇలా. రూట్ షెల్‌లో (రూట్ అధికారంతో కమాండ్లు కొట్టే తెర) "డీమెసేజ్" (డి, ఎం, ఇ, ఎస్, జి అని కొట్టాలి) లాగ్ తీసి, వైఫై మాడ్యూల్ పేరున్న వరుసలు చూడండి. క్వాల్‌కామ్ ఫోన్లలో ఆ పేరులో "డబ్ల్యూల్యాన్" ఉంటుంది. "వెర్షన్ మ్యాజిక్", "డిసగ్రీస్ అబౌట్ వెర్షన్ ఆఫ్ సింబల్", "రిక్వైర్డ్ కీ నాట్ అవైలబుల్", ఈ మూడింటిలో ఏది కనిపించినా ఐసీకి క్లీన్ చిట్ ఇచ్చేయొచ్చు. లాగ్ చదవడం ఇష్టం లేకపోతే ఇంకా తేలిక దారి ఉంది. మీ బిల్డ్‌దే అయిన, ప్యాచ్ చేయని స్టాక్ బూట్ ఇమేజ్‌తో "ఫాస్ట్‌బూట్ బూట్" కొట్టండి. ఇది ఫోన్‌లో ఏదీ రాయదు, ఆ ఒక్కసారికి లేపుతుంది. వైఫై వచ్చిందా, హార్డ్‌వేర్ బంగారం. కొన్ని బూట్‌లోడర్లు ఈ కమాండ్‌ని ఒప్పుకోవు, వాటిలో స్టాక్ బూట్‌ని ఫ్లాషే చేసి చూడాలి.

బాగుచేయడానికి కావలసింది మీ బిల్డ్ తాలూకు పూర్తి రోమ్ జిప్. చిన్న ఓటీఏ పనికిరాదు, అందులో తేడాలు మాత్రమే ఉంటాయి, మొత్తం బూట్ ఉండదు. జిప్‌లో పేలోడ్ ఫైల్ ఉంటే పేలోడ్ డంపర్ అనే ప్రోగ్రామ్‌తో బూట్ ఒక్కటే తీయండి. దాన్ని అదే ఫోన్‌లో పెట్టి, మ్యాజిస్క్‌లో ఇన్‌స్టాల్, ఆపైన "సెలెక్ట్ అండ్ ప్యాచ్ ఎ ఫైల్". స్నేహితుడి ఫోన్‌లో ప్యాచ్ చేసి తెచ్చుకోవద్దు. లేస్తుంది గానీ, మీ ఫోన్‌లో స్టాక్ బ్యాకప్ మిగలదు, దాని లొల్లి తర్వాతి ఓటీఏ నాడు తెలుస్తుంది. ప్యాచ్ చేసిన ఫైల్‌ని కంప్యూటర్‌కి "ఏడీబీ పుల్"తోనే తెచ్చుకోండి. మౌస్‌తో లాగి కాపీ చేసే ఎంటీపీ పెద్ద ఫైళ్లని పాడుచేయడం కొత్తేమీ కాదు. సైజు ఒరిజినల్ బూట్ ఎంతుందో దాదాపు అంతే ఉండాలి.

మళ్లీ ముందు "ఫాస్ట్‌బూట్ బూట్"తో పరీక్షించి, వైఫై వచ్చాక అదే ఫైల్‌ని ఫ్లాష్ చేయండి. మ్యాజిస్క్‌లో "డైరెక్ట్ ఇన్‌స్టాల్" నొక్కొద్దు, అది ఫోన్‌లో రాసి ఉన్న పాత బూట్‌నే ప్యాచ్ చేస్తుంది. ఫ్లాష్‌కి ముందు "ఫాస్ట్‌బూట్ గెట్‌వార్ కరెంట్-స్లాట్" కొట్టి ఏ లేదా బీ ఏదో చూసి, బూట్_ఏ గానీ బూట్_బీ గానీ పేరు పెట్టి ఫ్లాష్ చేయండి. ఓటీఏ తర్వాత స్లాట్ మారుతుంది. పాత కాగితం చూసి పాత స్లాట్‌కి కొడితే ఫోన్‌లో ఏ మార్పూ ఉండదు, మ్యాజిస్క్ "ఎన్/ఏ" అనే చూపిస్తుంది. చివరగా డౌన్‌లోడ్స్‌లో ఉన్న పాత మ్యాజిస్క్ ఇమేజ్‌లన్నీ డిలీట్ చేయండి. ఇప్పుడే. ఉంచితే ఏదో ఒకరోజు కొడతారు.

రెండు స్లాట్ల ఫోన్‌లో ఓటీఏ తీసుకునే పద్ధతి ఇది. మ్యాజిస్క్‌లో అన్‌ఇన్‌స్టాల్ నొక్కి "రిస్టోర్ ఇమేజెస్" ఎంచుకోండి, రీబూట్ చేయొద్దు. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పూర్తవనివ్వండి, అది రీబూట్ అడిగినా చేయొద్దు. వెనక్కి మ్యాజిస్క్‌కి వచ్చి "ఇన్‌స్టాల్ టు ఇన్‌యాక్టివ్ స్లాట్" నొక్కండి. అప్పుడు కొత్త బూట్‌నే ప్యాచ్ చేస్తుంది, జత తప్పదు. స్టాక్ బ్యాకప్ లేదు అని వస్తే, ఇందాక చెప్పిన స్నేహితుడి ఫోన్ పుణ్యం. ఇప్పుడున్న బిల్డ్ స్టాక్ బూట్‌ని చేత్తో ఫ్లాష్ చేసి, ఓటీఏ తీసుకుని, కొత్త బిల్డ్ బూట్‌ని కొత్తగా ప్యాచ్ చేయడమే.

ఆండ్రాయిడ్ 13తో మార్కెట్‌లోకి వచ్చిన చాలా ఫోన్లలో ఈ వైఫై తంటా ఇంచుమించు లేదు. అక్కడ మ్యాజిస్క్ ప్యాచ్ చేయాల్సింది ఇనిట్_బూట్ అనే వేరే ఇమేజ్‌ని, అందులో కెర్నల్ ఉండదు. ఆ ఫోన్లది వేరే తప్పు: ప్యాచ్ చేసిన ఇనిట్_బూట్‌ని అలవాటుకొద్దీ బూట్‌కి ఫ్లాష్ చేయడం. కెర్నల్ లేని బూట్ లేవదు, ఫోన్ ఫాస్ట్‌బూట్‌లోనే తిరుగుతుంది. స్టాక్ బూట్ బూట్‌కి, ప్యాచ్ చేసింది ఇనిట్_బూట్‌కి కొడితే సరి. 12తో వచ్చి తర్వాత 13కి అప్‌డేట్ అయిన ఫోన్ ఈ లెక్కలోకి రాదు, దానిది ఇంకా బూటే.

మ్యాజిస్క్ మాడ్యూల్ వేశాక లోగో దగ్గరే తిరుగుతోంది

ఇక్కడ మాడ్యూల్ అంటే మ్యాజిస్క్‌కి తగిలించే అదనపు జిప్, వైఫై డ్రైవర్ ఫైల్ కాదు. రోమ్ మళ్లీ ఎక్కించే అవసరం లేదు. లోగో తిరుగుతున్నప్పుడు వాల్యూమ్ డౌన్ నొక్కి పట్టుకుని సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి, మాడ్యూళ్లన్నీ ఆఫ్ అవుతాయి. తర్వాత మామూలుగా రీబూట్ చేసినా అవి ఆఫ్‌లోనే ఉంటాయి. అది కుదరకపోతే, టీడబ్ల్యూఆర్‌పీకి తాళం తీయడం వస్తే, ఫైల్ మేనేజర్‌లో డేటా, ఏడీబీ, మాడ్యూల్స్ దాకా వెళ్లి తప్పు చేసిన ఫోల్డర్ ఒక్కటే తీసేయండి. ఒకేసారి ఐదు మాడ్యూళ్లు వేసి ఏది తప్పు చేసిందని అడిగితే ఎవరూ చెప్పలేరు.

మిగతావి

జిప్ ఫ్లాష్ చేస్తుంటే ఎర్రర్ 7: జిప్ మీ ఫోన్‌ది కాదు, లేదా ఫర్మ్‌వేర్ పాతది. పై వరుసలోనే రాసి ఉంటుంది, చదవండి. స్క్రిప్ట్‌లోంచి ఆ తనిఖీ వరుసని తీసేయమని చెప్పే వీడియోలు ఉన్నాయి. అది పొగ అలారం బ్యాటరీ పీకేయడం లాంటిది.

రికవరీ ఎక్కించాక ఫోన్ లేవకుండా ఫాస్ట్‌బూట్‌కే వస్తుంటే తప్పు వీబీమెటాది (ఇమేజ్‌లు కంపెనీవేనా అని తనిఖీ చేయించే పార్టిషన్). అదే బిల్డ్ వీబీమెటాని వెరిటీ, వెరిఫికేషన్ రెండూ డిసేబుల్ చేసే ఆప్షన్లతో ఫ్లాష్ చేయండి. కొన్ని ఫోన్లలో దీనికి డేటా వైప్ అడుగుతుంది, ముందే బ్యాకప్ తీసుకోండి.

యూపీఐ యాప్ తెరుచుకోకపోవడం రిపేరు కాదు, ప్లే ఇంటిగ్రిటీ (ఫోన్‌ని మార్చారా అని గూగుల్ చేసే తనిఖీ) చేస్తున్న పని. ఈ నెల పనిచేసిన కిటుకు వచ్చే నెల ఉండదు. జీతం పడే ఫోన్‌ని రూట్ చేయకపోవడమే హాయి.

ఐఎంఈఐ పోవడం అరుదు. ఈఎఫ్‌ఎస్, పర్సిస్ట్ అనే పార్టిషన్ల (ఇలాంటి వివరాలుండేవి) బ్యాకప్ మొదటి రోజే తీసి కంప్యూటర్‌లో పెట్టుకుంటే అయిపోయే పని.

షావోమీలో పాత రోమ్‌కి దిగాలనుకుంటే ముందు "ఫాస్ట్‌బూట్ గెట్‌వార్ యాంటీ" కొట్టండి, పాత రోమ్‌ని అడ్డుకునే అంకె వస్తుంది. 2018లో రెడ్‌మీ నోట్ 5 ప్రో వాళ్లని ముంచింది ఈ అంకే. ఫోన్‌లో 4 ఉండి రోమ్‌లో అంతకంటే తక్కువ ఉంటే దించొద్దు, ఫోన్ లేవకుండా ఈడీఎల్ అనే అత్యవసర మోడ్‌లోకి పడిపోతుంది. ఇక మీఫ్లాష్ (షావోమీ రోమ్ ఎక్కించే ప్రోగ్రామ్) వాడేటప్పుడు కింద కుడి మూల చూడండి. అక్కడ ముందే ఎంచుకుని ఉండేది "క్లీన్ ఆల్ అండ్ లాక్". దాన్ని "క్లీన్ ఆల్"కి మార్చాకే ఫ్లాష్ నొక్కండి. చైనా ఫోన్‌లో గ్లోబల్ రోమ్ ఎక్కిస్తూ బూట్‌లోడర్ లాక్ పడితే, ఈ రోమ్ ఈ ఫోన్‌కి చెల్లదు అన్న ఒక్క తెర తప్ప ఇంకేమీ రాదు.