సభికుల దృష్టి చెదురుతోందా? ప్రసంగంలో లోపాన్ని పట్టుకోవడం ఎలా

సమస్య: మాట్లాడడం మొదలుపెట్టి రెండు నిమిషాలు కాకముందే ముందు వరుసల్లో గుసగుసలు వినిపిస్తాయి.

కారణం: అధ్యక్షుడు అప్పుడే పిలిచిన పేర్లను వక్త బిరుదులతో సహా మళ్లీ చదువుతాడు, ఆపైన తనకు అవకాశమిచ్చినవారికి ధన్యవాదాలు చెబుతాడు. శ్రోత అత్యంత శ్రద్ధగా వినే సమయమంతా దీనికే ఖర్చవుతుంది.

పరిష్కారం: సభకు ఒక్క నమస్కారం చేసి, కళ్లకు కట్టే సంఘటనతో మొదలుపెట్టాలి. పదవీ విరమణ సభలో "మాస్టారి సేవలు వెలకట్టలేనివి" అంటే ఎవరూ తలెత్తరు. "ఆ రోజు తరగతి గది కప్పు కురుస్తుంటే, మాస్టారు మా బల్లలను తడవని మూలకు జరిపించి, గొడుగు కింద నిలబడి లెక్క పూర్తి చేశారు" అంటే, ఆ గదిలో చదువుకోనివారు కూడా వింటారు. ధన్యవాదాలు చివర చెప్పినా లోటుండదు.

సమస్య: మధ్యలో మాట తోచక ఆగిపోవడం.

కారణం: ప్రసంగాన్ని అక్షరం పొల్లుపోకుండా బట్టీపట్టడం వల్ల, ఒక్క మాట జారితే తరువాతి వాక్యం అందదు.

పరిష్కారం: మొదటి, చివరి వాక్యాలను మాత్రమే కంఠస్థం చేసి, మిగిలినదానికి చిన్న అట్టముక్కపై నాలుగైదు మాటలు పెద్ద అక్షరాలతో రాసుకోవాలి, ఇంట్లో నిలబడి, గడియారం ముందుంచుకొని, పైకి వినబడేలా చెప్పి చూసుకోవాలి.

సమస్య: బాగానే మొదలైన ప్రసంగం నడుమ చప్పబడుతుంది.

కారణం: వాదన వెంట వాదన వస్తూ, శ్రోతకు ఊపిరి తీసుకునే చోటు ఉండదు.

పరిష్కారం: దీనికి మన హరికథకులు ఏనాడో చక్కటి ఉపాయం కనిపెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) వంటి మహనీయులు వెలిగించిన ఆ కళలో, ప్రధాన కథ బరువెక్కినప్పుడు ఒక పిట్టకథ వస్తుంది. అయితే అది తిరిగి అసలు కథలోకే చేరాలి. చేరని పిట్టకథ ఎంత నవ్వించినా ప్రసంగానికి చేటే.

సమస్య: మైకు కూస్తుంది.

కారణం, పరిష్కారం: స్పీకరు పెట్టెల ధ్వని మళ్లీ మైకులోకి వెళుతోంది, పెట్టెలకు వెనుకగా జరిగి, మైకును నోటికి దగ్గరగా పెట్టుకోవాలి.

సమస్య: చప్పట్లు మోగినా, ఏం చెప్పారో మర్నాడు ఎవరికీ గుర్తుండదు.

కారణం: ఒక్క ప్రసంగంలో పది విషయాలు చెప్పాలన్న ఆశ.

పరిష్కారం: 1863 నవంబరు 19న అమెరికాలోని గెటిస్‌బర్గ్‌లో, సైనికుల శ్మశానవాటిక అంకిత సభలో పేరుమోసిన వక్త ఎడ్వర్డ్ ఎవరెట్ సుమారు రెండు గంటలు మాట్లాడిన తరువాత, ఆ దేశాధ్యక్షుడు లింకన్ దాదాపు 270 మాటలతో ముగించారు, లోకానికి గుర్తున్నది ఆ 270 మాటలే. శ్రోత ఇంటికి వెళ్లి చెప్పవలసిన ఒక్క వాక్యాన్ని ముందుగా రాసుకొని, దానికి పనికిరాని ప్రతి పేరానూ, అది ఎంత ఇష్టంగా రాసుకున్నదైనా సరే, కొట్టివేయాలి.