కాన్వాస్ ప్రింట్‌కి వార్నిష్ వేసి చెడగొట్టుకున్నాక

తిరుపతిలో మాది చిన్న ఫ్రేముల షాపు. మొన్న కార్తీకమాసం వానల్లో ఒక కస్టమర్ స్వామివారి బొమ్మ కాన్వాస్ మీద ప్రింట్ తీయించి తెచ్చిస్తే, తొందరపడి అదే సాయంత్రం బ్రష్‌తో వాటర్ బేస్ వార్నిష్ పూసేశాను. అంతే, దండలోని గులాబీల ఎరుపు మెల్లగా పాకి తెల్లటి నామంలో కలిసిపోయింది. "ఏందన్నా ఇట్లయింది?" అన్నాడాయన. ఏం చెప్పాలి, నా ఖర్చుతో మళ్లీ ప్రింట్ తీయించాను.

తప్పు వార్నిష్‌ది కాదు. ఆ ప్రింట్‌లోది డై ఇంకు, నీళ్లు తగిలితే కరుగుతుంది. పిగ్మెంట్ ఇంకయితే (నీళ్లలో కరగని సన్నటి రంగు పొడితో చేసేది) చాలావరకు తట్టుకుంటుంది. ఇప్పుడు ముందు ప్రింట్ అంచున తడి దూది అద్ది చూస్తాను, రంగు అంటితే డై అని లెక్క.

రెండోసారి ప్రింట్‌ని 24 గంటలు ఫ్యాన్ గాలికి ఆరనిచ్చి, మేడ మీద మాస్క్ కట్టుకుని సాల్వెంట్ స్ప్రే, అంటే నీళ్లు లేని స్ప్రే వార్నిష్, పల్చగా రెండుసార్లు కొట్టాను. అది బాగా ఆరాకే స్పాంజి రోలర్‌తో వాటర్ బేస్ వార్నిష్, ఒకసారి అడ్డంగా, ఆరాక ఇంకోసారి నిలువుగా. వేసినప్పుడు పాలలా తెల్లగా కనబడితే టెన్షన్ వద్దు, ఆరితే పోతుంది. వాన పడుతుంటే మాత్రం ఆ పని పెట్టుకోను, తేమకి ఆ తెలుపు అట్లే ఉండిపోవచ్చు.