ముందు చెవులు, తర్వాతే స్పీడ్ బార్

పారాగ్లైడర్‌ను మేఘం పైకి లాగుతుంటే వెంటనే దాని అంచువైపు తిరిగి బిగ్ ఇయర్స్ (‘చెవులు’: రెక్క చివరలు ముడిచి త్వరగా దిగే పద్ధతి) వేయండి. బ్రేక్ హ్యాండిళ్లు చేతిలోనే ఉంచుకుని రెండు వైపులా బయటి ఏ-లైన్లు (రెక్క ముందు అంచుకు కట్టిన తాళ్లు) కిందికి లాగితే రెక్క చివరలు ముడుచుకుంటాయి. ప్రశాంతమైన గాలిలో సెకనుకు సుమారు 1 మీటరు దిగేది 2–3 అవుతుంది.

ఆ తర్వాతే స్పీడ్ బార్ (కాలితో తొక్కి వేగం పెంచే కడ్డీ) తొక్కండి. చెవులు వేస్తే గాలికి రెక్క కోణం పెరిగి స్టాల్‌కు, అంటే రెక్క గాలిలో నిలబెట్టే శక్తి కోల్పోయే స్థితికి, దగ్గరవుతుంది. బార్ ఆ కోణాన్ని తగ్గిస్తుంది, ఇంకా త్వరగా దించుతుంది. మలుపులు శరీర బరువుతోనే. వదిలేటప్పుడు ముందు బార్, తర్వాత లైన్లు. చెవి తెరుచుకోకపోతే ఆ వైపు బ్రేకును ఒక్కసారి కొద్దిగా లాగి వదలండి. రెండు బ్రేకులూ కలిపి లోతుగా లాగితే స్టాలే.

చెవులతో స్పైరల్ (గిరగిరా తిరుగుతూ వేగంగా దిగడం) మాత్రం వద్దే వద్దు. భారమంతా మిగిలిన కొద్ది లైన్ల మీదే పడుతుంది.