గొర్రెలకు ఉన్ని కత్తిరించే పని తప్పాలంటే

గుంటూరు చుట్టుపక్కల కొత్తగా మంద పెట్టేవాళ్లు దక్కనీ గొర్రె జోలికి పోకండి. దానికి ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరించాలి. మన వానలకి తడిసిన ఉన్ని త్వరగా ఆరదు, పేలు చేరతాయి, తోక కింద పేడ అంటుకుని పురుగు పడుతుంది. నెల్లూరు జాతి (ఒళ్లంతా గోధుమరంగైతే దోర, తెల్లటి ఒంటికి మూతి, కళ్ల చుట్టూ నల్లమచ్చలుంటే జోడిపి) లేదా మాచర్ల గొర్రె తీసుకోండి; వీటి ఒంటి మీద ఉన్ని కాదు, పొట్టి వెంట్రుకలే, కత్తిరించక్కర్లేదు.

సంతలో రంగొక్కటే చూసి బేరం ఆడొద్దు. భుజం మీద, తొడ వెనక వెంట్రుకలు విడదీసి చూడండి. అడుగున మెలికల ఉన్ని దట్టంగా ఉంటే ఉన్ని గొర్రెతో సంకరమే. పలచగా ఉంటే పర్వాలేదు. పొట్టేలు దగ్గర మాత్రం రాజీ వద్దు: 25-30 ఆడగొర్రెలకి అదొక్కటే, పుట్టే ప్రతి పిల్లలోనూ సగం దాని రక్తమే. కత్తెర పని తప్పినా గిట్టలు కోయడం, తొలకరికి ముందు చిటుక రోగం (పేగుల్లో విషం పుట్టి గొర్రె ఉన్నట్టుండి చచ్చే జబ్బు) టీకా, నట్టల (కడుపులో పురుగుల) మందు తప్పవు.